ఆంగ్ల సర్వనామములు – మాతృభాష చేయు సాయము

మన పిల్లలు ఆంగ్లమున చేయు తప్పులలో సర్వనామములకు సంబంధించినవి మెండు. తాతగారు వచ్చిరనుటకు ‘దే కేమ్’ అనియు, అక్క వచ్చెననుటకు ‘ఇట్ కేమ్’ అనియు వ్రాయుచుందురు. ఇది చూచి కొందరు తల్లిదండ్రులు, ఇంట తెలుగు మాటలాడుటచేతనే ఆంగ్లము చెడుచున్నదని చింతించుచున్నారు. ఈ తప్పుల మూలము తెలిసినచో ఆ చింత తీరగలదు.

నామమునకు బదులుగా వచ్చు పదము సర్వనామము. వీనిలో మొదటివి పురుషవాచకములు. మన వాడుకమాటలో ‘అన్న వచ్చాడు’ అందుము. కాని ‘అక్క వచ్చింది, బండి వచ్చింది’ అని స్త్రీకిని వస్తువునకును ఒకే క్రియ వాడుదుము. బహువచనమున మనుష్యులకు ‘వారు’, తక్కినవానికి ‘అవి’. ఆంగ్లమున విభాగము వేరు. ఏకవచనమున హీ, షీ, ఇట్ అని మూడు. బహువచనమున అన్నిటికిని ‘దే’ ఒక్కటే. గౌరవార్థము ఒక్కరినే ‘వారు’ అను మన మర్యాద ఆ భాషలో లేదు. తాతగారైనను ‘హీ’యే; అందు అగౌరవము లేదు. పిల్లవాడు తెలివితక్కువచే తప్పలేదు. తెలుగు పద్ధతిని ఆంగ్లమునకు పట్టించినాడు. రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన పెట్టి చూపిన చాలును.

‘మేము’, ‘మనము’ అను భేదము తెలుగున కలదు. తమిళనాట మన పిల్లలు వీధిలో వినెడి ‘నాంగళ్’, ‘నామ్’ అనునవియు అట్టివే. ఆంగ్లమున రెంటికిని ‘వుయ్’ ఒక్కటే. అట్లే ‘నీవు’, ‘మీరు’ అను రెంటికిని ‘యూ’.

‘వాడు, వానిని, వానిది’ అని మన పదము మారునట్లే ‘హీ, హిమ్, హిజ్’ అని మారును. ఎవరు, ఎవరిని, ఎవరిది అని అడిగినచో ఏ రూపము వాడవలెనో తేలును. ఆ ప్రశ్నలే ఆంగ్లమున హూ, హుమ్, హూజ్ అను ప్రశ్నార్థకములు.

‘ఇది, అది, ఇవి, అవి’ అను నిర్దేశకములకు దిస్, దట్, దీజ్, దోజ్ సరిపోవును. ఒక్క మెలకువ కావలెను: వ్రేలితో చూపు ‘అది’ దట్, ముందు చెప్పిన వస్తువును మరల తలచు ‘అది’ ఇట్.

‘తాను’ అనునది మనకు స్త్రీపురుషులకు సమానము. ఆంగ్లమున పురుషునికి హిమ్‌సెల్ఫ్, స్త్రీకి హర్‌సెల్ఫ్.

అన్నిటికన్న కష్టమైనవి సంబంధవాచకములు. ‘నిన్న వచ్చిన బాలుడు’ అనునపుడు మనము ‘వచ్చిన’ అను విశేషణమును ముందుంచుదుము. ఆంగ్లమున బాలుని ముందు చెప్పి, పిదప ‘హూ’ చేర్చి, వచ్చిన సంగతి చెప్పవలెను. వస్తువులకైనచో ‘విచ్’. తెలుగు వాక్యమును ఈ విధముగా త్రిప్పి చెప్పుట అలవడినచో ఆంగ్లవాక్యము తనంత నమరును.

ఈ పనిలో ఆంగ్లము రాని తల్లియు సాయపడగలదు. రాత్రి భోజనమైన పిదప బిడ్డచేత ఒక తెలుగు కథ చెప్పించి, నడుమ నడుమ ‘వాడనగా ఎవడు? అది యనగా ఏది?’ అని అడుగవలెను. ఏ నామమునకు ఏ సర్వనామము నిలిచినదో తెలుగున గుర్తించు బిడ్డ ఆంగ్లమునను గుర్తింపగలడు. కావున ఇంట తెలుగు మాన్పింపవలదు.