పాత కారు తోలుకు కొత్త తొడుగు



ఉపకార వేతనాల బులెటిన్‌లో కారు సీట్ల సంగతి ఏమిటని మీరు అనుకోవచ్చు. చివరి వరకు చదివితే సంబంధం మీకే తెలుస్తుంది.

నేను బ్యాంకులో గుమాస్తాగా పదవీ విరమణ చేసిన తరువాత ఒక పాత లాన్సర్ కారు కొనుక్కున్నాను. హిందుస్థాన్ మోటార్స్ వారు 1998లో మన తిరువళ్లూరు ఫ్యాక్టరీలోనే ఈ కారును తయారు చేయడం మొదలుపెట్టారు. అదే చోట 2021లో సిట్రోయెన్ కారు తయారీ మొదలైంది. మన జిల్లాలో తయారైన బండి అన్న అభిమానంతోనే కొన్నాను. డోర్లకు చేయి ఆనించుకునే ఆర్మ్‌రెస్ట్‌లకు మునుపటి యజమాని తోలు వేయించాడు. ఆత్తిపట్టులో ఎండ, సముద్రపు తేమ, లారీలు లేపే దుమ్ము మూడూ ఎక్కువే. వాటికి చేతి చెమట కూడా తోడై నాలుగేళ్లలో ఆ తోలు పగిలిపోయింది.

తోలు ఎందుకు పగులుతుంది?

తోలును పదును చేసేటప్పుడు మెత్తదనం కోసం నూనెలు పట్టిస్తారు. పైన రంగు, దాని మీద పలుచని రక్షణ పొర వేస్తారు. రాపిడికి ముందు ఆ పొర అరుగుతుంది. తరువాత ఎండకు నూనె తగ్గి తోలు బిరుసెక్కుతుంది, మడత పడే చోట చీలుతుంది. అంతవరకు వచ్చాక ఏ పాలిష్ రాసినా ప్రయోజనం ఉండదు, తొడుగు మార్చవలసిందే. రెక్సిన్ సంగతి వేరు. అది తోలు కాదు, గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. ఇంగ్లాండు కంపెనీ ఒకటి పెట్టుకున్న వ్యాపార నామమే మన వాడుకలో ఆ వస్తువు పేరైపోయింది.

నేను చేసిన తప్పు

ఖర్చు తగ్గుతుందని పాత తోలు మీదనే కొత్త ముక్క అంటించాను. మే నెల ఎండకు అది అప్పడంలా ఉబ్బి ఊడి వచ్చింది. అప్పుడు మా మేనల్లుడు, "మామయ్యా, పునాది కుళ్లితే సున్నం కొట్టి ఏం లాభం?" అని నవ్వి, పని తాను చేస్తానన్నాడు. ప్లస్ టూ పరీక్షలు రాసి, సెలవుల్లో రెండు నెలలు ఒక సీట్ల షాపులో పని నేర్చుకున్నవాడు. వాడు చేసిన క్రమం ఇది:

1. ఆర్మ్‌రెస్ట్‌లో కిటికీ స్విచ్‌లు ఉంటే ముందు బ్యాటరీ వైరు తీసివేయాలి. తరువాత స్క్రూలు విప్పి ఆర్మ్‌రెస్ట్‌ను బయటికి తీయాలి.

2. పాత తొడుగును చింపకుండా కుట్లు విప్పాలి. ఆ ముక్కలే కొత్తదానికి కొలత. ఏది ఎడమ, ఏది కుడి, ముందు వైపు ఏది అన్నది వాటి మీద రాసుకోవాలి.

3. పాత జిగురు పూర్తిగా గీకివేయాలి. పొడిపొడిగా రాలే ఫోమ్ ఉంటే మార్చాలి. మొత్తం పనిలో సగం సమయం దీనికే పడుతుంది.

4. కొలత ముక్కను తోలు వెనుక వైపున పరచి గీత గీసి, చుట్టూ అర అంగుళం అదనంగా వదిలి కత్తిరించాలి. పశువు వీపు భాగం తోలు తక్కువ సాగుతుంది, పొట్ట భాగం ఎక్కువ సాగుతుంది. కాబట్టి చేయి ఆనే చోటికి వీపు భాగాన్నే వాడాలి.

5. కుట్టవలసిన అంచులను లోపలి వైపు పలుచగా చెక్కి, పాలిస్టర్ దారంతో కుట్టాలి. నూలు దారం తేమకు చివుకుతుంది. తోలులో ఒకసారి పడిన సూది రంధ్రం పూడదు గనుక తప్పు కుట్టు విప్పినా మచ్చ మిగులుతుంది.

6. సొల్యూషన్‌ను రెండు వైపులా పలుచగా రాసి ఆరనివ్వాలి. తాకితే జిగురు తెలియాలి గాని వేలికి అంటుకొని రాకూడదు. అప్పుడు మధ్య నుండి అంచులకు నొక్కుతూ పోవాలి. వంపుల దగ్గర కొద్దిగా వేడి తగిలిస్తే తోలు లొంగుతుంది. సొల్యూషన్ వాసన ఆరోగ్యానికి హాని, మంట కూడా త్వరగా అంటుకుంటుంది. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగానే ఈ పని చేయాలి.

ఒక ముఖ్య హెచ్చరిక: ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ మధ్య భాగాన్ని ముట్టుకోరాదు. పక్క ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటుకు మామూలు తొడుగు వేయరాదు. అక్కడి కుట్టు ప్రమాద సమయంలో తెగి బ్యాగును బయటికి రానివ్వాలి.

కొంచెం లెక్క

ఒక్కో ఆర్మ్‌రెస్ట్‌కు 14 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు గల ముక్క కావలసి వచ్చింది. అంటే 126 చదరపు అంగుళాలు, రెండింటికి 252. చదరపు అడుగుకు 144 అంగుళాలు గనుక 1.75 చదరపు అడుగులు. తోలు అంచులు వంకరగా ఉంటాయి, మచ్చలూ ఉంటాయి కాబట్టి 2.5 అడుగులు కొన్నాము. కామర్సు విద్యార్థులకు ఒక మాట: అరిగిన తోలు స్థానంలో తోలు వేయడం మరమ్మత్తు, అది రెవెన్యూ ఖర్చు. రెక్సిన్ సీట్లన్నీ తీసి తోలు వేయించి బండి విలువ పెంచితే అది క్యాపిటల్ ఖర్చు.

ఇక అసలు సంగతి

మేనల్లుడికి మార్కులు బాగానే వచ్చాయి. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ఆప్షన్లలో లెదర్ టెక్నాలజీ కూడా రాస్తానన్నాడు. మా బావగారికి కోపం వచ్చింది. "తోళ్ల పని చేయడానికా నిన్ను ఇంత చదివించింది?" అన్నారు. ఆ మాట వినగానే నాకు డాక్టర్ యలవర్తి నాయుడమ్మ గారు గుర్తుకు వచ్చారు. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన ఆయన కాశీలో, అమెరికాలో చదివి, తోలునే తన శాస్త్రంగా ఎంచుకున్నారు. 1948లో చెన్నై అడయారులో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధనా సంస్థకు 1958 నుండి 1971 వరకు డైరెక్టరుగా ఉండి, దానికి ప్రపంచమంతటా పేరు తెచ్చారు. తరువాత సీఎస్ఐఆర్ డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో మరణించారు. అన్నా విశ్వవిద్యాలయం బీటెక్ లెదర్ టెక్నాలజీ కోర్సు ఈనాటికీ ఆ సంస్థ సహకారంతోనే నడుస్తున్నది. మన ఇంటి నుండి రైలులో వెళ్లి రాగల దూరంలో ఉన్న చదువును, పేరు చూసి కొట్టివేయడం న్యాయమా?

ఈ విషయాలన్నీ బావగారికి చెప్పాను. మేనల్లుడు పని ముగించిన రోజు ఆయన కారులో కూర్చుని, ఆ కుట్టు మీద చేయి పెట్టి కొంతసేపు చూశారు. ఏమీ అనలేదు. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు కూడా. అయితే ఆప్షన్లలో ఆ పేరు కొట్టివేయమని మాత్రం మళ్లీ చెప్పలేదు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లలు ఒక కోర్సు పేరు చెప్పినప్పుడు, వద్దనే ముందు ఆ పని ఎలా జరుగుతుందో ఒక్కసారి దగ్గరుండి చూడండి.