ఇథనాల్ నుంచి హైడ్రోజన్: కీలకం ఉత్ప్రేరకం తయారీలోనే

చక్కెర మిల్లుల మొలాసిస్, నూకలు, మొక్కజొన్న నుంచి తయారయ్యే ఇథనాల్‌ను మన దేశంలో పెట్రోలులో కలుపుతున్నారు. 2025 నాటికి దాని వాటా 20 శాతానికి చేరింది. ఇదే ఇథనాల్‌ను నీటి ఆవిరితో చర్య జరిపిస్తే హైడ్రోజన్ లభిస్తుంది. ఈ ప్రక్రియను రిఫార్మింగ్ అంటారు. 46 గ్రాముల ఇథనాల్, 54 గ్రాముల నీరు పూర్తిగా చర్య పొందితే 12 గ్రాముల హైడ్రోజన్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడతాయి. పెట్రోలులో కలిపే ఇథనాల్ నుంచి నీటిని దాదాపు పూర్తిగా తొలగించాలి. రిఫార్మింగ్‌కు నీరు ఎలాగూ అవసరమే కనుక ఆ వ్యయం తప్పుతుంది.

ఖరీదైన రోడియం.. చౌకైన నికెల్

ఈ చర్య సవ్యంగా సాగాలంటే ఇథనాల్‌లోని రెండు కార్బన్ పరమాణువుల బంధాన్ని తెంచగల లోహం ఉత్ప్రేరకంగా ఉండాలి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో లానీ ష్మిట్ బృందం 2004లో రోడియం, సీరియాలతో చేసిన ఉత్ప్రేరకాన్ని ప్రకటించింది. ఇథనాల్‌కు నీటితోపాటు గాలినీ జతచేయగా, సెకనులో వందో వంతు కన్నా తక్కువ వ్యవధిలోనే 95 శాతానికి పైగా ఇథనాల్ మార్పు చెందింది. అయితే రోడియం అత్యంత ఖరీదైన లోహం. నికెల్ చౌక. కానీ దానిపై కార్బన్ మసి పేరుకుని చర్య మందగిస్తుంది. నికెల్ పాళ్లు ఒకటే అయినా ఒక ఉత్ప్రేరకం నిలకడగా పనిచేయడానికి, మరొకటి త్వరగా మూసుకుపోవడానికి తయారీ విధానమే ప్రధాన కారణం.

గ్రాములో ఐదు సెంట్ల స్థలం

లోహాన్ని సన్నని రంధ్రాలున్న ఆధార పదార్థంపై పరుస్తారు. ఒక్క గ్రాము అల్యూమినాలో రంధ్రాల గోడలన్నీ పరిస్తే సుమారు 200 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఐదు సెంట్ల స్థలం అవుతుంది. కానీ అల్యూమినాకు ఆమ్ల గుణం ఉంది. అది ఇథనాల్ నుంచి నీటిని లాగేసి ఇథిలీన్‌గా మారుస్తుంది. ఆ ఇథిలీనే మసికి మూలం. మెగ్నీషియం, లాంథనం ఆక్సైడ్లను చేర్చి ఈ ఆమ్ల గుణాన్ని తగ్గిస్తారు. సీరియా తనలోని ఆక్సిజన్‌ను అందించి, పేరుకునే కార్బన్‌ను తొలగించడానికి తోడ్పడుతుంది.

ఆరబెట్టడంలోనూ మెలకువ

సులువైన పద్ధతి, ఆధార పదార్థాన్ని నికెల్ నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి ఆరబెట్టడం. చెమ్మగోడ ఆరేటప్పుడు ఉప్పు పైకి తేలి తెల్లగా పేరుకున్నట్లే, ఆరబెట్టే తీరు సరిగా లేకపోతే నికెల్ లవణం కూడా రంధ్రాల అంచులకు చేరి ముద్దకడుతుంది. పెద్ద ముద్దలపైనే మసి సులువుగా పెరుగుతుంది. లోహం చిన్న కణాలుగా, సమంగా పరుచుకుంటే ఆ ముప్పు తగ్గుతుంది. నైట్రేట్‌కు బదులు క్లోరైడ్ లవణం వాడితే మిగిలిపోయే క్లోరిన్ ఆమ్ల గుణాన్ని పెంచుతుంది.

తరువాతి దశ కాల్చడం. వేడి చాలకపోతే నైట్రేట్ పూర్తిగా విడిపోదు. మితిమీరితే నికెల్ అల్యూమినాతో కలిసి నికెల్ అల్యూమినేట్‌గా మారుతుంది. దానిని హైడ్రోజన్‌తో తిరిగి లోహంగా మార్చడం కష్టం. ఇటుక బట్టీలో వలెనే ఇక్కడా మంట తగుపాటిగా ఉండాలి. మరో చిక్కు ఏమిటంటే, నికెల్ పరమాణువులు సుమారు 590 డిగ్రీల సెల్సియస్ వద్ద కదలడం మొదలుపెట్టి కణాలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. రిఫార్మింగ్ సాధారణంగా జరిగేది 500 నుంచి 700 డిగ్రీల మధ్యనే. కనుక కణాలను ఆధారానికి గట్టిగా పట్టి ఉంచడం తప్పనిసరి.

ఇందుకు సహ అవక్షేపణ పద్ధతి ఉపకరిస్తుంది. నికెల్, మెగ్నీషియం, అల్యూమినియం లవణాలను ఒకే ద్రావణంలో క్షారంతో కలిపి పొరలు పొరలుగా ఉండే పదార్థాన్ని రాబడతారు. దానిని కాల్చి హైడ్రోజన్‌తో చర్య జరిపిస్తే నికెల్ చిన్న కణాలుగా బయటపడుతుంది. అయితే కొంత నికెల్ లోపలే చిక్కుకుపోతుంది. దానిని రాబట్టడానికి అధిక వేడి కావాలి.

మసి పట్టిన ఉత్ప్రేరకాన్ని గాలితో కాల్చి శుభ్రపరచవచ్చు. కానీ యంత్రాన్ని నిలపాలి, ఆ వేడికి నికెల్ మళ్లీ ముద్దకట్టవచ్చు. అందుకే మొదటి గంటలో వచ్చే హైడ్రోజన్‌ను బట్టి ఉత్ప్రేరకం విలువను నిర్ణయించరాదు. వందల గంటల తరువాత కూడా అదే తీరున పనిచేస్తేనే చౌక నికెల్ నిజంగా చౌక అవుతుంది.