దలాలీతో పాటు దొరికిన ధర కూడా చూడాలి

తాడిపత్రి: వేరుశెనగ బేరంలో దలాలీ ఒక్కటే చూసి మండీని ఎంచుకునే వర్తకుడు ఉండడు. ధర, తూకం, సొమ్ము చేతికందే రోజు కూడా లెక్కలోకి వస్తాయి. ఇంటర్నెట్‌పై షేర్ల క్రయవిక్రయాలు జరిపే వారికీ ఇదే సూత్రం వర్తిస్తుంది.

1943లో ఏర్పడిన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ గుర్తింపు 2007లో రద్దయింది. ఇప్పుడు బ్రోకరు ఎవరైనా ఆర్డరు ముంబాయి ఎక్స్ఛేంజీల కంప్యూటర్లకే చేరుతుంది. అక్కడ మెరుగైన ధరకు, ధర సమానమైతే ముందు వచ్చిన ఆర్డరుకు ప్రాధాన్యం.

రూ. 200 ధర గల షేర్లు 500 కొని, అదే రోజు దాదాపు అదే ధరకు అమ్మారనుకుందాం. అమ్మకంపై లావాదేవీల పన్ను 0.025 శాతం, అంటే రూ. 25. కొనుగోలుపై స్టాంపు డ్యూటీ రూ. 3. నేషనల్ ఎక్స్ఛేంజ్, సెబీ రుసుములు సుమారు రూ. 6. ఇవి ఏ బ్రోకరు వద్దనైనా ఒకటే.

తేడా దలాలీలోనే. ఆర్డరుకు రూ. 20 తీసుకునే వారికి రూ. 40, 0.05 శాతం తీసుకునే వారికి రూ. 100 చెల్లించాలి. దలాలీపై, రుసుములపై 18 శాతం జీఎస్టీ కలిపితే మొత్తం ఖర్చు వరుసగా రూ. 83, రూ. 153. ఆదా రూ. 70.

అయితే బేరాలు పలుచగా ఉన్న షేరులో ధర చెప్పకుండా మార్కెట్ ఆర్డరు పెట్టి, కొనుగోలులో 10 పైసలు, అమ్మకంలో 10 పైసలు జారవిడిస్తే పోయేది రూ. 100. ఆదా అయినది పోగా మరో రూ. 30 నష్టం. ధర నిర్ణయించి లిమిట్ ఆర్డరు పెట్టడం మేలు. అది కుదరకపోవచ్చు గాని, చెప్పిన ధర దాటదు.

చిన్న బేరాలకు స్థిర దలాలీ భారమే. రూ. 10,000 ఆర్డరుపై రూ. 20 అంటే 0.2 శాతం. "రూ. 20 లేదా 0.03 శాతం, ఏది తక్కువైతే అది" అనే షరతు ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. కరెంటు, నెట్ పోయినప్పుడు ఫోనుపై ఆర్డరు తీసుకుంటారా, సాయంత్రం బ్రోకరే బేరం ముగిస్తే అదనపు రుసుము ఎంత అన్నవి ముందే అడగాలి. 24 గంటల్లో అందవలసిన కాంట్రాక్టు నోటుతో ప్రతి ధరనూ సరిచూసుకోవాలి.

నెలకు ఇలాంటి 100 బేరాలు చేస్తే చౌక బ్రోకరు వద్దనైనా ఖర్చు రూ. 8,300. 2022-23లో నగదు మార్కెట్లో అదే రోజు బేరాలు చేసిన వ్యక్తుల్లో పదికి ఏడుగురు నష్టపోయినట్లు సెబీ 2024 జులైలో వెల్లడించింది. బేరాల సంఖ్య తగ్గించుకోవడమే అన్నిటికన్నా పెద్ద ఆదా.