వీడ్కోలు శాలువాకూ ఒక నియమం

తెలుగు రాష్ట్రాల కార్యాలయాలలో పదవీ విరమణ సన్మానాలు ఎక్కువగా నెలాఖరునే జరగడానికి కారణం సర్వీసు నిబంధనలలో ఉంది. నిర్ణీత వయసు, అంటే తెలంగాణలో 2021 నుంచి 61 ఏళ్లు, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి 62 ఏళ్లు, ఏ నెలలో నిండితే ఆ నెల చివరి రోజున ఉద్యోగి విరమించాలి. ఒకటో తేదీన పుట్టినవారు మాత్రం అంతకు ముందు నెల చివరి రోజునే సెలవు తీసుకుంటారు.

ఆ రోజు దంపతులను వేదికపై కూర్చోబెట్టి, పూలమాల వేసి, శాలువా కప్పి, జ్ఞాపిక అందించడం ఆనవాయితీ. ఈ సత్కారానికీ హద్దు ఉందన్నది చాలామందికి తెలియదు. ఉదాహరణకు, కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనను నిర్దేశించే 1964 నాటి నియమావళిలోని 14వ నియమం ప్రకారం, ఉద్యోగి ముందస్తు అనుమతి లేకుండా అభినందన పత్రాలను గానీ తన గౌరవార్థం జరిపే సభలను గానీ స్వీకరించరాదు. అయితే విరమణ, బదిలీ సందర్భాలలో ఆత్మీయంగా, ఆడంబరం లేకుండా జరిపే వీడ్కోలుకు మినహాయింపు ఉంది. అంతకంటే విలువైన మాట ఆ నియమానికి అనుబంధంగా ఉంది: చందా కోసం ఎవరిపైనా ఒత్తిడి తేరాదనీ, పై శ్రేణి అధికారి వీడ్కోలు కోసం కింది తరగతుల సిబ్బంది నుంచి ఏ పరిస్థితిలోనూ వసూలు చేయరాదనీ అది శాసిస్తుంది. చిన్న జీతగాడి జేబును కాపాడిన ఈ నిబంధనను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

సహోద్యోగులు చేసేది సన్మానమైతే, ప్రభుత్వం తీర్చవలసిన రుణం పెన్షన్. పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదని, గతంలో చేసిన సేవకు దక్కవలసిన హక్కని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం స్పష్టం చేసింది. రక్షణ శాఖ నుంచి విరమించిన ఒక అధికారి పేరుతో నిలిచిన ఆ తీర్పును స్మరిస్తూ పెన్షనర్లు ఏటా అదే తేదీని తమ దినోత్సవంగా జరుపుకుంటున్నారు. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి, ఉద్యోగీ ప్రభుత్వమూ చెరికొంత జమచేసే వేరే పెన్షన్ పద్ధతి వచ్చింది.

విరమణకు చాలా ముందే సర్వీసు రిజిస్టరును, అంటే నియామకం నుంచి ప్రతి ఇంక్రిమెంటూ సెలవూ నమోదయ్యే పుస్తకాన్ని, సరిచూసి పెన్షన్ పత్రాలు సిద్ధం చేయించే బాధ్యత కార్యాలయాధిపతిదే. వేదికపై శాలువా కప్పే అధికారులు ఆ రోజుకే పెన్షన్ మంజూరు పత్రం కూడా చేతికి అందేలా చూడాలి.