కంప్యూటరు పెట్టెలో గాలి నడక



గత ఏప్రిలులో నేను 40 యేండ్లుగా కూర్చుకొన్న సామెతల పట్టికను టైపు చేయుచుండగా మా బల్లమీది కంప్యూటరు మాటిమాటికి ఆరిపోవుచుండెను. ఒకనాడు రెండు పుటలే పోయినవి. తాపము మితిమీరినచో ప్రాసెసరు మొదట వేగము తగ్గించుకొని, పిదప తన్ను తానే ఆర్పుకొనును. మూత విప్పి చూడగా, ముందరి పంకాయు వెనుకటి పంకాయు గాలిని బయటికే నెట్టుచున్నవి! దుమ్ము దులిపి, ముందరిదానిని తారుమారుగా బిగించినవాడను నేనే.

పంకాచట్రమునకు అడ్డుకమ్ములు ఏ ప్రక్క నుండునో, సాధారణముగా ఆ ప్రక్కకే గాలి వెడలును. సందేహమున్నచో పెట్టె వెలుపల అగరువత్తి పట్టి పొగను చూడుడు.

వీధివాకిలి, పెరటివాకిలి ఎదురెదురుగా నుంచుట యెందులకో, ఇక్కడను అందులకే. ముందునుండి చల్లగాలి చొచ్చి, ప్రాసెసరును గ్రాఫిక్సు కార్డును తాకి, వెనుకనుండి వెడలవలెను. సామాన్యమైన పెట్టెకు 120 మిల్లీమీటర్ల పంకాలు ముందు రెండు, వెనుక నొకటి చాలును. వేడిగాలి పైకి పోవును గదా యని పైకప్పునిండ పంకాలు బిగించువారు కలరు. పంకా బలము ముందర ఆ సహజగతి యెంత! పైకప్పున ముందుమూల నున్న పంకా, చల్లగాలిని పని చేయకముందే లాగివైచును.

లోనికి వచ్చు గాలి కొంచెము హెచ్చుగా నున్నచో సందులగుండ దుమ్ము తక్కువగా చొరును. ముందరి జల్లెడను మాత్రము అప్పుడప్పుడు దులుపుడు; దులుపునపుడు కరెంటు తీగ ఊడదీయుడు.

పంకాను త్రిప్పి బిగించిన పిదప మే నెల యెండలలోను మా యంత్రము ఆరలేదు. పోయిన పుటలను మరల టైపు చేయుచున్నాను. నాలుగు సామెతలు మాత్రము ఎంత తలచుకొన్నను జ్ఞప్తికి వచ్చుట లేదు.