మూడో పేరు ఏది?

ఆన్‌లైన్ ఆర్డర్ ఏ దశలో ఉందో గుర్తుపెట్టుకోవడానికి ప్రోగ్రామర్లు ‘ఈనమ్’ వాడతారు. ముందే ఖాయం చేసుకున్న పేర్ల జాబితా అది: అందింది, ప్యాక్ అయింది, బయల్దేరింది, చేరింది. ఇందులో మూడోది కావాలంటే?

2004లో వచ్చిన జావా 5 ఈనమ్‌ను భాషలోనే భాగం చేసింది. ‘వాల్యూస్’ మెథడ్‌ను పిలిస్తే పేర్లన్నీ రాసిన వరుసలోనే అర్రేగా చేతికొస్తాయి. లెక్క సున్నాతో మొదలు కాబట్టి ‘బయల్దేరింది’ 2వ స్థానంలో దొరుకుతుంది. ఏ పేరు ఎన్నో స్థానంలో ఉందో ‘ఆర్డినల్’ చెబుతుంది. పైథాన్‌లోనైతే ఈనమ్‌ను లిస్టుగా మార్చుకుంటే చాలు.

అసలు తంటా డేటాబేస్‌తోనే. అక్కడ పేరుకు బదులు 2 అని దాచారనుకోండి. ఆర్నెల్ల తర్వాత ఎవరో ‘ప్యాక్ అయింది’కి ముందు ‘డబ్బు కట్టారు’ అని ఇరికిస్తారు. అంతే, దారిలో ఉన్న పాత ఆర్డర్లన్నీ మళ్లీ ‘ప్యాక్ అయింది’ దగ్గరికొస్తాయి. కంపైలర్ మాత్రం కిక్కురుమనదు! జావా వస్తువులను డేటాబేస్‌లో దాచే ప్రమాణమైన జేపీఏ కూడా, ప్రత్యేకంగా చెప్పకపోతే దాచేది ఈ ఆర్డినల్ అంకెనే.

ఆర్డినల్‌ను నమ్ముకోకూడదనడానికి జావాలోనే ఉదాహరణ ఉంది. అందులోని వారం రోజుల ఈనమ్‌లో సోమవారం ఆర్డినల్ 0. అదే సోమవారానికి ‘గెట్‌వాల్యూ’ మెథడ్ ఇచ్చేది 1. రోజు అంకె కోసం ఆర్డినల్ వాడొద్దని జావా డాక్యుమెంటేషనే చెబుతుంది.

వరుసను తెర మీద చూపించడానికి వాడుకోండి. డేటాబేస్‌లో మాత్రం పేరే దాచండి, లేదా ఒక్కో పేరుకు సొంత నంబరు ఇవ్వండి.