సగం అణువు చాలింది

జపాన్‌లోని మియురా ద్వీపకల్పం ఒడ్డున రాళ్లను కరచుకుని ఓ నల్లటి స్పాంజి పెరుగుతుంది. పేరు హాలికాండ్రియా ఒకడాయ్. పారిపోవడానికి కాళ్లు లేవు, కరవడానికి పళ్లు లేవు. ఇలాంటి జీవికి ఆత్మరక్షణకు మిగిలేది విషమే.

1980ల్లో జపాన్ రసాయనవేత్తలు హిరాతా యోషిమాసా, ఉఎమురా దైసుకే ఈ స్పాంజిని 600 కిలోలు పోగుచేశారు. సారం తీసి, దశలవారీగా శుద్ధి చేస్తే చివరికి చేతికొచ్చిన హాలికాండ్రిన్ బి అనే విషం 12.5 మిల్లీగ్రాములు. చిటికెడు కూడా కాదు! ఆ కాస్తే ఎలుకల్లో క్యాన్సర్ మీద గట్టిగా పనిచేసింది. ఆ సంగతి 1986లో లోకానికి తెలిసింది.

కానీ సరుకేదీ? న్యూజిలాండ్‌లోని కైకౌరా దగ్గర సముద్రంలో మరో స్పాంజిలోనూ ఇదే పదార్థం దొరికింది. ఒక టన్ను పైకి తీస్తే 310 మిల్లీగ్రాములు వచ్చింది. అక్కడున్న స్పాంజి మొత్తం 300 టన్నుల లోపేనని అంచనా. అంటే అడుగంటా ఊడ్చినా వంద గ్రాములు రాదు, ఆ జాతి మాత్రం అంతరిస్తుంది.

ఇక ప్రయోగశాలలో తయారుచేయడమే దారి. ఆ పని తలకెత్తుకున్న కిషి యోషితో, నగోయాలో హిరాతా దగ్గరే పీహెచ్‌డీ చేసి హార్వర్డ్‌లో స్థిరపడ్డ రసాయనవేత్త. ఈ అణువులో కుడి ఎడమల అమరిక తప్పకూడని కేంద్రాలు 32 ఉన్నాయి. ఒక్కటి తిరగబడినా అది వేరే పదార్థమైపోతుంది. నికెల్, క్రోమియంలతో కార్బన్లను కలిపే చర్యను కిషి ఇందుకోసం వాడి, 1992లో మొత్తం అణువును కట్టేశారు.

అసలు మలుపు ఆ తర్వాతే. దారిలో తయారైన ముక్కలను ఎయిసాయ్ మందుల కంపెనీ పరిశోధకులు క్యాన్సర్ కణాల మీద వేసి చూశారు. అణువులో కుడి సగం ఒక్కటే చాలు, విషశక్తంతా అందులోనే ఉంది! ఎడమ సగాన్ని వదిలేశారు. ఒంట్లో తేలిగ్గా తెగిపోయే ఎస్టర్ బంధం స్థానంలో కీటోన్ పెట్టారు. అలా పుట్టిందే ఎరిబ్యులిన్. అయినా దీన్ని తయారుచేయడానికి 60కి పైగా దశలు కావాలి. పూర్తిగా కృత్రిమంగా తయారయ్యే మందుల్లో ఇంత చిక్కుముడి అరుదు.

పనిచేసే తీరూ ప్రత్యేకమే. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరో పక్కకు లాగడానికి ట్యూబులిన్ అనే ప్రోటీన్‌తో సన్నని గొట్టాలు అల్లుకుంటుంది. ఎరిబ్యులిన్ ఆ గొట్టం పెరిగే కొస దగ్గర కూర్చుని పొడవు పెరగనివ్వదు. విభజన ఆగి, కణం చస్తుంది. ఆరోగ్యంగా విభజన చెందే కణాలనూ ఇది వదలదు. అందుకే తెల్లరక్తకణాలు పడిపోతాయి. చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కడం కూడా ఉంటుంది.

762 మంది ముదిరిన రొమ్ము క్యాన్సర్ రోగులపై జరిగిన పరీక్షలో మధ్యస్థ ఆయుష్షు 10.6 నెలల నుంచి 13.1 నెలలకు పెరిగింది. రెండున్నర నెలలేనా అనిపించొచ్చు. ఎన్నో మందులు వాడి చూసిన వాళ్లకు అది చిన్న లెక్క కాదు. 2010 నవంబరులో అమెరికా అనుమతి వచ్చింది, 2016లో కొవ్వు కణజాల క్యాన్సర్ లైపోసార్కోమాకూ ఇచ్చారు.

కిషి అక్కడితో ఆగలేదు. పక్కన పెట్టిన ఎడమ సగంతో సహా హాలికాండ్రిన్ తరహా పూర్తి అణువు ఈ7130ను ఎయిసాయ్‌తో కలిసి 11 గ్రాములకు పైగా తయారుచేసినట్టు 2019లో ప్రకటించారు. 2023లో ఆయన కన్నుమూసేనాటికి జపాన్‌లో రోగులపై దాని పరీక్షలు మొదలయ్యాయి.